రోడ్డు బిల్లు గోప్యమట!

పోయిన వారం నల్లగొండ దగ్గర ఒక కార్యాలయానికి వెళ్లి, మా ఊరి సిమెంటు రోడ్డుకు ఎంత ఖర్చయిందో చెప్పమని అడిగాను. గుమస్తా ఫైలు మీద చెయ్యి ఆనించి "అది గోప్యం సార్" అన్నాడు. రోడ్డు వేసి ఏడాది కాలేదు, కంకర తేలి కనిపిస్తోంది. లెక్క మాత్రం గోప్యం! అతని కంటే ఆ మాట మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

గోప్యం, గుప్తం సంస్కృతంలోని 'గుప్' ధాతువు నుంచి పుట్టాయి. దానికి కాపాడటం అని అర్థం, దాచడం అని కూడా. ఇక్కడ ఎవరిని కాపాడుతున్నట్టు?

మన గుట్టులోనూ ఆ కాపాడటం ఉంది. "గుట్టుగా సంసారం ఈదింది" అని మా నాయనమ్మ ఎవరినైనా అన్నదంటే అది మెప్పు. డబ్బాలో బియ్యం నిండుకున్న సంగతి గడప దాటనివ్వని మనిషి అన్నమాట. అదే నోటితో "వాడికి దాపరికం ఎక్కువ" అన్నదంటే తిట్టు. వాటాదారుకు లెక్క చెప్పనివాడికే ఆ మాట వాడేది.

గుట్టు ఒకరిద్దరిదే కానక్కరలేదు, ఊరంతటిదీ కావచ్చు. 1940లలో ఈ జిల్లా పల్లెలు నిజాం పోలీసులకూ రజాకార్లకూ చిక్కకుండా ఉద్యమకారులను దాచాయి. అన్నం పెట్టిన ఇల్లు ఏదో తెలిసినా, దెబ్బలు తిని కూడా నోరు విప్పనివాళ్లున్నారు. అంతటి మాటను పత్రికలు గుట్కా ముఠాలకు అంటగట్టాయి: 'ముఠా గుట్టు రట్టు'! దొంగలకు గుట్టు ఎక్కడిది?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కు మనిషిది. నా జబ్బుకూ నా ఉత్తరాలకూ వర్తించేది. దాని గతి చూడండి: మొన్న బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే, పొట్లం విప్పేసరికి ఎవరిదో ఆధార్ జిరాక్సు, ఫొటోతో సహా. మనిషి కాగితం నూనె పీలుస్తోంది, రోడ్డు బిల్లు బీరువాలో భద్రంగా ఉంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసిచ్చాను. 30 రోజుల్లో జవాబివ్వాలి. ముద్ర వేస్తూ గుమస్తా గొంతు తగ్గించాడు: "నేను గోప్యం అన్నానని మాత్రం ఇందులో రాయలేదు కదా సార్?"

రాయలేదు. ఇంకా 22 రోజులున్నాయి.