ఈ కవర్లు పాత సామాన్లవాడికి కూడా వద్దు

నిన్నటి వానకి మా వీధి కాలువ మళ్ళీ పొంగింది. కర్రతో గెలికితే వచ్చినవన్నీ షాంపూ, చిప్స్ కవర్లే. ఎప్పటివో ఏమో, లోపలి వెండి పూత ఇంకా తళతళలాడుతోంది! పాల కవర్లు కడిగి ఆరబెట్టి ఇస్తే పాత సామాన్లతను తూకం వేసి తీసుకుంటాడు. వీటిని ముట్టుకోడు. పాలియెస్టర్, అల్యూమినియం, పాలిథీన్ పొరల్ని కలిపి అతికించేస్తే మామూలు రీసైక్లింగ్‌లో ఎలా విడదీస్తారు?

ఇలాంటి వాటిని రెండేళ్లలో ఆపేయాలని 2016 నాటి కేంద్ర ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో రాశారు. 2018లో సవరించి, కాల్చి శక్తి తీయగలిగితే పర్వాలేదన్నారు. 2022 జూలైలో స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు నిషేధించారు. ఈ చిన్న షాంపూ ప్యాకెట్లు మాత్రం కొట్ల ముందు దండల్లా వేలాడుతూనే ఉన్నాయి.

కొనేవాళ్లని ఒక్క మాట అనను. రోజు కూలీతో బతికే ఇంట్లో సీసా ఎక్కణ్ణుంచి కొంటారు? నా కోపమంతా తయారుచేసి, అమ్మి, చేతులు దులుపుకునే కంపెనీల మీదే.

మూల చించి పారేసిన గోరంత ముక్కలు కర్రకి అందలేదు. పొద్దున్నే మున్సిపాలిటీ ఆవిడ వచ్చి, గ్లవుజులు కూడా లేకుండా, ఉత్త చేత్తో తీసింది. చూడలేకపోయాను.