మట్టికి నాడి పట్టిన మహానుభావులు

పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లా. మహారాష్ట్రే అయినా ఈ ఒడ్డు పల్లెల్లో తెలుగు మాటకు కొదవ లేదు, పత్తికి అసలే లేదు, పురుగుమందు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంతటి పుణ్యభూమికి మొన్న బయోసెన్సర్ వేంచేసింది. మట్టిలోని మందు అవశేషాలను చేలోనే పట్టేసే చేతి యంత్రమట.

షామియానా వేశారు. బ్యానర్ మీద యంత్రం బొమ్మ చిన్నది, దాన్ని తెచ్చిన పెద్దల బొమ్మలు పెద్దవి. అందులోని ఎంజైము (ఒంట్లో రసాయన పనులు నడిపే ప్రోటీన్) పట్టీలు చల్లగా ఉండాలని ఐసుపెట్టె కూడా తెచ్చారు. అయితే అతిథులూ చల్లబడాలి కదా! కూల్‌డ్రింకు సీసాలు ఐసులోకి వెళ్లాయి, పట్టీలు ఎండలో బల్ల మీదికి వచ్చాయి. ఉపన్యాసాలు ముగిసేసరికి ఎంజైము కాలం చేసింది. ఎంజైము పని ఆగితే విషం ఉందనడమే యంత్రానికి తెలిసిన లెక్క. అది ఎండకు చచ్చిందో విషానికి చచ్చిందో దానికేం తెలుసు? చేలో మట్టి పెడితే విషం అంది. గుడి ముందు మట్టీ విషమే. ఎవరో అతిథుల మంచినీళ్లు రెండు చుక్కలు వేశారు, అవీ విషమే. ‘చూశారా, ఎంత సున్నితమైన పరికరమో!’ అని అధికారి మురిసిపోయారు. చప్పట్లు మోగాయి. అధ్యక్షుల వారు అవే మంచినీళ్లు తాగి వేదిక దిగారు.

యంత్రాన్ని నేను తప్పు పట్టను. 1962లో క్లార్క్, లయన్స్ అనే పరిశోధకులు ఎంజైమును ఎలక్ట్రోడ్‌తో జతచేసి గ్లూకోజు కొలిచే దారి చూపారు. మన ఇళ్లలోని షుగరు మిషను ఆ వంశానిదే. ఇక్కడి ఎంజైము ఎసిటైల్‌కోలినెస్టరేజ్. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు దాన్ని పనిచేయనివ్వవు. దాని పని ఎంత మందగిస్తే అంత విషం ఉన్నట్టు లెక్క. ఫలానా మందు అని పేరు చెప్పడం మాత్రం యంత్రం వల్ల కాదు.

ఇదే ఎంజైము మందు కొట్టే మనిషి నరాల్లోనూ, రక్తంలోనూ ఉంది. పంపు కారి వీపు తడిసిన కూలీకి కనుపాపలు సూదిమొనంత అయి, నోట నురగ వచ్చి, ఊపిరి అందకుండా పోయేది అది పనిచేయకే. షామియానా చివర నిలబడ్డ ఒక కూలీ ‘నా రక్తం కూడా చూస్తారా సార్?’ అని అడిగాడు. పథకం మట్టికి మాత్రమేనని జవాబు వచ్చింది. మట్టిలో కలిశాక అర్హత వస్తుంది కాబోలు!

2017లో ఈ జిల్లాలోనే పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. అప్పుడు గట్టిగా వినబడిన ప్రశ్న ఏమిటి? చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు ఎందుకు లేవని. చచ్చిన వాణ్ణి అడుగుతారా? సిగ్గుండాలి! తలకు మించి పెరిగిన పత్తిలో, ఆ ఉక్కపోతలో, ముసుగు బిగించుకుని ఒక్క ఎకరం కొట్టి చూపించండి, తర్వాత మాట్లాడండి. మందులు కొట్టే కాలానికి ముందొకసారి, మధ్యలో ఒకసారి ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో కూలీ రక్తం తీసి ఆ ఎంజైము ఎంత మిగిలిందో చూడండి. తగ్గినవాణ్ణి పంపు దించి ఇంటికి పంపండి, ఆ రోజుల కూలీ ఇవ్వండి. దీనికి షామియానా అక్కర్లేదు.