జువెంటస్ వారి ఫ్రీ ట్రాన్స్‌ఫర్ గారికి

అయ్యా, నమస్కారాలు.

ఇటలీలోని టురిన్‌లో, జువెంటస్ ఫుట్‌బాల్ క్లబ్‌లో మీకు జరిగే మర్యాదలు కోట్లు పోసి కొన్న ఆటగాళ్ళకు కూడా జరగవు. ఎక్కడైనా ఒక ఆటగాడి కాంట్రాక్టు అయిపోయిందని, పాత క్లబ్‌కు ఫీజు కట్టకుండానే తెచ్చుకోవచ్చని తెలిస్తే చాలు, జువెంటస్ వాళ్ళు పెన్నూ జెర్సీ పట్టుకుని రెడీ.

మీరు పుట్టింది 1995 డిసెంబరులో, యూరప్ కోర్టులో. కాంట్రాక్టు ముగిసినా క్లబ్ తనను వదలడం లేదని బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు వేసిన కేసు గెలిచాడు. మరుసటి ఏడాదే, చాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తిన జువెంటస్ కెప్టెన్ వియాలీని చెల్సీకి ఉచితంగా పంపేశారు మీరు. ఆ నష్టాన్ని వడ్డీతో సహా రాబట్టాలని వీళ్ళు అప్పుడే ఒట్టు పెట్టుకున్నట్టున్నారు.

మొదట్లో మీ చెయ్యి మంచిదే, కాదనను. 2011లో ఏసీ మిలాన్ వదిలేసిన పిర్లోను తెచ్చారు. ఆ సీజన్‌లో జువెంటస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇటలీ లీగ్ గెలిచింది. ఆయన ఉన్న నాలుగేళ్ళూ టైటిల్ ఇంట్లోనే ఉంది. 2012లో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి కుర్ర పోగ్బా వచ్చాడు. 2016లో అతన్ని తిరిగి యునైటెడ్‌కే 10.5 కోట్ల యూరోలకు అమ్మారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

చెడిందీ అక్కడే. పిర్లో గొప్ప ఆటగాడు కాబట్టి పనికొచ్చాడు. వీళ్ళకు మాత్రం, ఉచితంగా వచ్చాడు కాబట్టి పనికొచ్చాడని అర్థమైంది. ఆ బేరాలు కుదిర్చిన జువెంటస్ అధికారి మరోటా గారు 2018లో వెళ్ళిపోయి ఇంటర్ మిలాన్‌లో చేరారు. తర్వాత చల్హనోగ్లు, మ్ఖితర్యాన్, తురాం వరసగా ఫీజు లేకుండానే ఇంటర్‌కు వచ్చారు. 2024లో వాళ్ళతోనే ఇంటర్ టైటిల్ కొట్టింది. టురిన్‌లో మంచి ఆటగాణ్ణి పసిగట్టే కన్ను పోయి, ఫ్రీ అలవాటు మిగిలింది.

2019లో ఆర్సెనల్ నుంచి రామ్సేను తెచ్చారు. ఫీజు సున్నా. జీతం వారానికి నాలుగు లక్షల పౌండ్లని ఇంగ్లండ్ పత్రికలు రాశాయి. ఆషాఢం ఆఫర్‌లో చీర ఫ్రీగా వచ్చిందని మురిసిపోయి, నెలనెలా దాని డ్రైక్లీనింగ్‌కు ఇంటద్దె కన్నా ఎక్కువ కట్టినట్టుంది. మధ్యలో ఒకసారి స్కాట్లండ్ క్లబ్ రేంజర్స్‌కు లోన్ మీద పంపినా, మళ్ళీ తిరిగొచ్చాడు. అమ్మబోతే అడవే. ఏడాది మిగిలుండగానే కాంట్రాక్టు రద్దు చేసుకున్నారు. అదే ఏడాది వచ్చిన రాబియో మాత్రం ఐదేళ్ళు బాగానే కష్టపడ్డాడు. 2024లో అతనూ ఉచితంగానే వెళ్ళిపోయాడు, అది వేరే సంగతి.

ఇక 2022 వేసవి మీ జాతరే. డిబాలాను రోమాకు ఫ్రీగా సాగనంపారు, డి మరియాను ఫ్రీగా దింపారు. 25.4 కోట్ల యూరోల నష్టం చూపించిన ఏడాది మరి, పొదుపు చేయాలి కదా! డి మరియా మోంజా క్లబ్ మీద ఫస్ట్ హాఫ్‌లోనే రెడ్ కార్డు తెచ్చుకున్నారు. ఆ రోజు మోంజాకు సీరీ ఆ (ఇటలీ టాప్ లీగ్) చరిత్రలో మొదటి గెలుపు దక్కింది. డిసెంబరులో వరల్డ్ కప్ ఫైనల్లో ఆయనే గోల్ కొట్టారు. అర్జెంటీనాకు లెండి.

పోగ్బా రెండో రాక గురించి ఏం చెప్పమంటారు? అదే 2022 జులైలో వచ్చాడు, జులైలోనే మోకాలు పోయింది. ఆపరేషన్ వద్దన్నాడు, సెప్టెంబరులో చేయించుకున్నాడు. గ్రౌండులోకి దిగేసరికి ఫిబ్రవరి నెలాఖరు. మార్చిలో లేటుగా వచ్చాడని ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టారు, తర్వాత ఫ్రీ కిక్కులు ప్రాక్టీసు చేస్తూ మళ్ళీ గాయం. మే నెలలో ఎట్టకేలకు మొదటి నుంచి ఆడించారు. అరగంట కూడా కాకముందే ఏడుస్తూ బయటికి నడిచాడు. అప్పుడు నాకూ జాలేసింది. 2023 ఆగస్టులో డోప్ పరీక్షలో టెస్టోస్టెరాన్ దొరికింది. నాలుగేళ్ళ నిషేధం పడి, అప్పీలులో 18 నెలలకు తగ్గింది. ఆ తర్వాత కాంట్రాక్టూ రద్దయింది. మొదటిసారి ఫ్రీగా వచ్చి 10.5 కోట్లు తెచ్చినవాడిని రెండోసారి కూడా ఫ్రీగా తెచ్చారు. ఈ లెక్కను ఏ పద్దులో రాశారో గానీ, ఫీజు దగ్గర మాత్రం ఇప్పటికీ సున్నాయే.

2025లో లిల్ నుంచి జొనాథన్ డేవిడ్‌నూ మీరే తెచ్చారు. కుర్రాడు మంచివాడే, నాకు కోపం లేదు. ఒక్క విన్నపం: ఈసారి ప్రకటనలో ఆ సున్నా పక్కన జీతం, సంతకం బోనస్, ఏజెంటు కమీషన్ కూడా అదే సైజు అక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
అర్ధరాత్రి దాటాక మ్యాచ్ చూసి పొద్దున్నే ఆఫీసుకు పోయే ఒక హైదరాబాదీ జువెంటస్ అభిమాని