సవరణ: సిల్వరాడోలో ట్రాన్స్‌మిషన్ వేడి

షెవ్రొలె సిల్వరాడో 1500 పికప్ ట్రక్కు (2014–18 మోడళ్లు)లో ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) వేడి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తిరుగుతుంటే దాని ఫ్లూయిడ్‌ని (లోపల తిరిగే నూనెని) చల్లార్చే కూలర్ వెంటనే పెద్దది బిగించుకోమని కిందటి పోస్టులో ఉంది. ఆ సలహా వదిలేయండి.

ఈ బండ్లలో కూలర్‌కి వెళ్లే దారిలో థర్మల్ బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది. ఫ్లూయిడ్ బాగా కాగేదాకా అది కూలర్ వైపు పూర్తిగా తెరుచుకోదు. కాబట్టి మీటరులో 190–200 కనబడడం జబ్బు కాదు, కంపెనీ కావాలని పెట్టిన లెక్క. వాల్వ్ దారి ఇవ్వనప్పుడు ఎంత పెద్ద కూలరైనా డబ్బు దండగే.

బరువేమీ లాగకుండానే 220 దాటుతుంటే మాత్రం చూడాల్సిందే. ముందు ఫ్లూయిడ్ మట్టం, వాసన. మాడు వాసన వస్తే మెకానిక్ దగ్గరికే. అవి బాగుంటే కూలర్ దగ్గరి గొట్టాల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టండి. మీటరు 220 అంటున్నా గొట్టాలు గోరువెచ్చగానే ఉన్నాయంటే ఫ్లూయిడ్ అటు పోవట్లేదు: వాల్వ్ ఇరుక్కుంది, లేదా కూలర్ పూడుకుంది. రెండు గొట్టాలూ ఒకేలా కాలుతుంటే గాలి ఆడట్లేదు. కూలర్ రెక్కల మధ్య చచ్చిన పురుగులు, మట్టి కడగండి. (ఈ కడిగే పనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.)

సుమారు 158 డిగ్రీలకే తెరుచుకునే వాల్వులు బయట దొరుకుతాయి. వేడి తగ్గాలనుకునేవాళ్లు ముందు అది మార్చాలి, కూలర్ తర్వాత.

ట్రైలర్ లాగేవాళ్ల సంగతి వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కి అందించే భాగం) లాక్ కాకుండా జారుతుంటే వేడి అక్కడే పుడుతుంది. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి సెట్టింగ్) వేసి, గేరు తగ్గించి ఎక్కండి.