బెజవాడ గాలి మీద తిరుగుతున్న మెసేజ్: ఒక్కో మాటకూ జవాబు

బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "ముప్ఫై ఏళ్ల కిందట మన ఊరి గాలి శుభ్రం. ఇప్పుడు ప్రతి విషమూ పదింతలైంది. కారణం బండ్ల పొగ ఒక్కటే. యాప్‌లో నంబరు వంద లోపు ఉంటే భయం లేదు. ఇంట్లో నాలుగు స్నేక్ ప్లాంట్లు పెట్టుకుంటే చాలు." ఇందులో ఆందోళన సబబే. చెప్పిన కారణాలూ, చూపిన మందూ తప్పు. దీన్ని నమ్మితే పట్టించుకోవాల్సిన చోట్లను వదిలేస్తాం.

మొదటిది, "ప్రతి విషమూ పదింతలు". సీసం సంగతి చూడండి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ తర్వాత బండ్లు ఎన్ని పెరిగినా సైలెన్సర్లలోంచి ఆ సీసం తిరిగి రాలేదు. డీజిల్‌లో గంధకం 1990ల మధ్యలో పది లక్షల పాళ్లకు 10,000 దాకా ఉండేది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే బండ్ల పొగ ప్రమాణాలతో 10కి దిగింది. దిగకుండా మొండికేసినవి ధూళి కణాలు, అంటే పీఎం10 (10 మైక్రాన్ల లోపు కణాలు), పీఎం2.5 (2.5 మైక్రాన్ల లోపు మరీ సన్నని కణాలు). 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి.

పాత అంకెల్ని కొత్త అంకెల పక్కన పెట్టేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 2009 నవంబర్‌లో కొత్త ప్రమాణాలు వచ్చేదాకా ఎస్‌పీఎంకు కూడా పరిమితి ఉండేది. అంటే గాలిలో తేలే మొత్తం దుమ్ము. కొత్త ప్రమాణాల్లో దాన్ని తీసేసి పీఎం10తో పాటు పీఎం2.5 పెట్టారు. పాత ఎస్‌పీఎంనూ పీఎం10నూ ఒకే గ్రాఫులో గీస్తే వచ్చే గీతకు అర్థమే లేదు. కొలిచే తీరు కూడా తెలియాలి. చేత్తో నడిపే కేంద్రాల్లో వారానికి రెండు రోజులే, ఏడాదికి 104 రోజులే నమూనా తీస్తారు. యంత్రం నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని ఫిల్టర్ కాగితం గుండా లాగుతుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు 528 ఘనపు మీటర్లు. కాగితం 50 మిల్లీగ్రాములు బరువెక్కితే ఘనపు మీటరుకు 95 మైక్రోగ్రాములని లెక్క. తూచే ముందు కాగితాన్ని డెసికేటర్‌లో, అంటే తేమ లాగేసే మూసిన పాత్రలో, సరిగ్గా ఆరబెట్టకపోతే, మన కృష్ణా తీరపు తేమకు 5 మిల్లీగ్రాములు అదనంగా తూగినా లెక్కలో 9 మైక్రోగ్రాములు పెరుగుతాయి. అందుకే ఒక జనవరి రోజును ఒక జూలై రోజుతో పోల్చి గగ్గోలు పెట్టకూడదు. చలికాలం ఉదయాల్లో పొగ నేలకు అంటుకుని ఉంటుంది, వానాకాలంలో వాన కడిగేస్తుంది. పోల్చాల్సింది ఏడాది సగటును, అదీ ఒకే కేంద్రంలోది.

"కారణం బండ్ల పొగ ఒక్కటే" అనే మాట అన్నింటికంటే ఎక్కువ చేటు చేస్తుంది. పీఎం10లో పెద్ద వాటా మట్టిది: రోడ్డు అంచున పేరుకున్న ఇసుక, పట్టా కట్టని లారీలోంచి రాలిన ఇసుకా బూడిదా, కట్టడాల సిమెంటు. చక్రాలు దాన్ని నలిపి పైకి లేపుతాయి. పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకే పోతుంది. తడిపి ఊడ్చి, ఎత్తిన మట్టిని అక్కడి నుంచి తరలిస్తేనే పని జరిగినట్టు. డివైడర్ పక్కన కుప్ప పెట్టి వదిలేస్తే సాయంత్రానికి మళ్లీ రోడ్డు మీదే ఉంటుంది. బ్రేకులు, టైర్లు అరిగి వచ్చే పొడి కరెంటు బండ్లకూ తప్పదు.

పీఎం2.5 కథ వేరు. దానిలో కొంత భాగం ఏ గొట్టంలోంచీ కణంగా రాదు, గాలిలోనే పుడుతుంది. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఎత్తైన చిమ్నీ నుంచి దూరం పోతూ సల్ఫేటుగా మారి, పొలాల ఎరువుల నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమ్మోనియాతో కలిసి సన్నని కణమవుతుంది. కాబట్టి ఊళ్లో సల్ఫర్ డయాక్సైడ్ అంకె తక్కువగా కనిపించినంత మాత్రాన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాలే బొగ్గుకు మన ఊపిరితో సంబంధం లేదనుకోకూడదు. బొగ్గు విద్యుత్ కేంద్రాల గంధకానికి 2015 డిసెంబర్‌లోనే పరిమితి పెట్టారు. గడువులు మాత్రం పదేపదే పొడిగించారు. ఇక చెత్త. ప్లాస్టిక్, టైరు, రాగి కోసం కాల్చే వైరు: వీటి పొగలో బెంజో పైరీన్, డయాక్సిన్లు అనే క్యాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి. భోగి మంటలో పాత టైరు వేసే ఇల్లు ఆ తెల్లవారుజామున వీధి మొత్తానికీ ఆ విషాన్ని పంచుతోంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని హరిత ట్రైబ్యునల్ 2016లోనే చెప్పింది.

యాప్ నంబరు వంద లోపుంటే భయం లేదా? ఆ నంబరు మన దేశపు గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ)ది; అందులో బెంజీన్ లేదు, బెంజో పైరీన్ లేదు. కనిపించే నంబరు అన్నింటికంటే చెడ్డగా ఉన్న ఒక్క కాలుష్యానిది. పీఎం2.5 వల్ల 80 చూపిస్తే, గాలిలో సుమారు 48 మైక్రోగ్రాములున్నట్టు. మన 24 గంటల పరిమితి 60 కాబట్టి దాన్ని "సంతృప్తికరం" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి 15. అంటే ఆ "సంతృప్తి" దానికి మూడింతల పైనే. యాప్‌లో రంగు చూసి మూసేయకుండా లోపల పీఎం2.5 అంకె తెరిచి చూడండి.

మొక్కలు అందంగా ఉంటాయి, పెంచుకోండి. గాలి శుద్ధి మాత్రం వాటి వల్ల కాదు. 1989లో నాసా ప్రయోగం మూసిన పెట్టెల్లో జరిగింది. ఇలాంటి ప్రయోగాలను 2019లో తిరిగి లెక్కగట్టినప్పుడు, కిటికీ వెంటిలేషన్ చేసే పని మొక్కలు చేయాలంటే ప్రతి చదరపు మీటరుకూ కనీసం పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి దాకా కావాలని తేలింది. అదీ గాలిలోకి ఆవిరయ్యే రసాయనాల సంగతే, ధూళి కణాల సంగతి కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు హెపా (సన్నని కణాల్ని పట్టే ఫిల్టర్) ప్యూరిఫయర్ కొంటే పెట్టె మీద సీఏడీఆర్, అంటే గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, చూడండి. 10×12 అడుగుల గది, 9 అడుగుల ఎత్తు అంటే సుమారు 30 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే సీఏడీఆర్ గంటకు 150 ఘనపు మీటర్లు ఉండాలి. అదే గదిలో దోమల కాయిల్ వెలిగించకండి: ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన పీఎం2.5 వస్తుందని 2003లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కిటికీలకు దోమతెర బిగించుకోవడం మేలు.