ఎరుపు ఏదిరా అని అడిగే ముందు

పోయిన వేసవిలో బోయినపల్లిలో మా చెల్లి ఇంట్లో రెండు వారాలున్నాను. వాళ్లబ్బాయికి ఐదేళ్లు. నడకా మాటా రెండూ ఆలస్యంగానే వచ్చాయి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ వాణ్ణి దగ్గరికి పిలిచి, "నాన్నా, ఎరుపు ఏదిరా?" అనేవారు. వాడు ఒకసారి సరిగ్గా చూపిస్తాడు, మరోసారి చూపించడు. "ఇంకా రంగులు రాలేదమ్మా వీడికి" అనేసి కాఫీ తాగి వెళ్లిపోయేవారు. చెల్లి ముఖం చిన్నబోయేది.

ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని చూశాను. ముందు రెండు డబ్బా మూతలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వాటిని కుడిఎడమలు మారుస్తున్నా బెల్లం ముక్క ఎర్రదాని కిందే. వాడు ప్రతిసారీ ఎడమవైపు మూతే ఎత్తుతున్నాడు! సగం సార్లు బెల్లం దొరుకుతూనే ఉంది, ఇంకెందుకు మానతాడు? మనం రంగు నేర్పుతున్నాం అనుకుంటుంటే వాడు పక్క నేర్చుకున్నాడు.

1963లోనే జీమన్, హౌస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సంగతి రాశారు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే పిల్లలకు ఆలస్యమయ్యేది దేన్ని గమనించాలో పట్టుకోవడం దగ్గరే, అది పట్టుబడ్డాక నేర్చుకోవడం చకచకా సాగుతుందని. చెల్లికి ఈ మాట రెండుసార్లు చదివి వినిపించాను.

కాబట్టి తప్పు పట్టడం మానేసి, తప్పు జరగకుండా వస్తువుల్ని అమర్చాలి. ఎర్రమూత పెద్దది పెట్టి, రెండోది కంటికి ఆననంత చిన్నది పెట్టండి. వాడికి కుదిరేకొద్దీ రెండోదాన్ని పెద్దది చేస్తూ రండి. పక్కలు మాత్రం మారుస్తూ ఉండాలి.

అక్షరాలకూ అంతే. 'వ'లో తలకట్టు అతుక్కుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది. వేలు పెట్టి చూపిస్తే పిల్లవాడు వేలినే చూస్తాడు, వేలు తీయగానే మళ్లీ మొదటికొస్తుంది. తలకట్టుకే రంగు వేసి, రోజురోజుకీ ఆ రంగు పలచన చేస్తే చూపు అక్కడే నిలుస్తుంది.

సెలవులకి హైదరాబాద్ వెళ్లేవారికి నాదొక మనవి. మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది, ఎన్‌ఐఈపీఐడీ అంటారు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు అక్కడ శిక్షణ ఇస్తారు. మీ తమ్ముడో చెల్లెలో బిడ్డను తీసుకుని అక్కడికి వెళ్తుంటే, షాపింగ్ ఒక్కపూట పక్కనపెట్టి మీరూ వాళ్లతో వెళ్లి కూర్చోండి.