పై పోర్షన్ సీలింగ్ మీది చెమ్మ మరక గారికి

మహారాజశ్రీ చెమ్మ మరక గారికి, కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమమే కాక కాస్త ఒళ్లు కూడా చేశారని నిన్ననే తెలిసింది.

నిన్న ఆదివారం. వాటర్‌ప్రూఫింగ్ అతను పదకొండింటికి వస్తానన్నాడు. పన్నెండింటికి దారిలో ఉన్నాడు, ఒంటిగంటకీ దారిలోనే ఉన్నాడు, మూడింటికి ఫోనెత్తలేదు, నాలుగింటికి ఎత్తి "వాన పడుతోంది కదమ్మా, వానలో ఏం చూస్తాం" అన్నాడు. కారడం వానలో కాకపోతే మాఘమాసంలో చూస్తాడా? ఈలోగా పైన అద్దెకున్న అమ్మాయి బకెట్ మార్చినప్పుడల్లా "ఆంటీ" అంటూ వాట్సాప్‌లో వీడియో పెట్టింది. అన్నిట్లోనూ సౌండు ఉంది. టప్. టప్.

తమరు మొదట దర్శనమిచ్చింది 2020 అక్టోబర్ 13 రాత్రి, హైదరాబాద్ సగం మునిగిన రోజు. అప్పుడు ఉసిరికాయంత ఉన్నారు. ఊరంతా ఏడుస్తుంటే ఉసిరికాయ గురించి ఏం ఏడుస్తాం అని ఊరుకున్నాను. తర్వాతి ఏడు శ్రీలంక అయ్యారు. రాష్ట్రం 2014లోనే విడిపోయింది గానీ పై పోర్షన్ బెడ్రూం సీలింగ్ మీద మాత్రం ఉమ్మడి రాష్ట్రమే ఉంది. నిన్న సాయంత్రానికి ఫ్యాను దగ్గరకి చిత్తూరు జిల్లా కూడా వచ్చేసింది. ఆ పోర్షన్‌లో ఇప్పటికి మూడు కుటుంబాలు మారాయి. ఖాళీ చేయనిదీ, పైసా అద్దె కట్టనిదీ తమరొక్కరే.

ఇక ఆ పదేళ్ల గ్యారంటీ. 2022 మేలో అతను డాబా కడిగించి, తెల్లటి కెమికల్ రెండు కోటింగులు కొట్టించి, ముప్ఫై రెండు వేలు లెక్కపెట్టుకుని, "ఇంక పదేళ్లు మీరు పైకి చూడక్కర్లేదమ్మా" అని కార్డు రాసిచ్చాడు. దాన్ని నేను లామినేషన్ చేయించాను. ఇంట్లో తడవనిది అదొక్కటే. ఏడాది తిరిగేసరికి తమరు మళ్లీ వచ్చారు. "మనం చేసిన చోట కాదమ్మా, ఇది కొత్త క్రాకు" అన్నాడు. ఆ పై ఏడు, "ఇది పిట్టగోడ దగ్గర్నుంచి వస్తోంది, గ్యారంటీ స్లాబుకే" అన్నాడు. ఈసారి ఫోన్‌లోనే తేల్చేశాడు: నీళ్లు ఎక్కడో దిగుతాయట, స్లాబులో ఇనప కడ్డీల వెంబడి నడుచుకుంటూ వచ్చి ఇంకెక్కడో కారతాయట. ఇది నిజమేనని ఇంకో ఇద్దరు మేస్త్రీలు కూడా చెప్పారు, అదే నా ఒళ్లు మండేది. నడిచి వచ్చావా? నిన్నెవరు రమ్మన్నారు? అటు పక్క వరండా ఉంది, మెట్లున్నాయి, అక్కడ కారితే నీ సొమ్మేం పోయింది, సరిగ్గా వాళ్ల మంచం మీదే కారాలా?

ఆ అమ్మాయి "శ్రావణంలో చూసుకుంటాం ఆంటీ" అంది నిన్న, నవ్వుతూనే. ఏం చూసుకుంటారో నాకు తెలుసు. వాళ్లు ఇప్పుడే వెళ్లిపోతే ఆషాఢమంతా టు లెట్ బోర్డు తడుస్తూ వేలాడాల్సిందే, ఈ నెలలో కొత్త ఇంట్లో పాలు పొంగించేదెవరు? పెయింటరేమో పూర్తిగా ఆరితే గానీ పుట్టీ పట్టనన్నాడు, అంటే సంక్రాంతికి. ఆదాయపన్ను లెక్కలో అద్దె మీద 30 శాతం మినహాయింపు ఇస్తారు, అదంతా నీ పొట్టకే. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిస్తే, మేస్త్రీ "దేవుడి చెట్టమ్మా, నేను ముట్టను" అన్నాడు. నేనే పీకి కుండీలో పెట్టాను. పాపం ఏమైనా ఉంటే అది కూడా ఓనరు ఖాతాలోనే.

ఇవన్నీ ఏప్రిల్‌లో, స్లాబు పెనంలా ఎండి ఉన్నప్పుడు చేయించాలి. తెలుసు నాకు. ఏప్రిల్‌లో దాని మీద వడియాలు పెట్టాను.

సాయంత్రం ఆరింటికి గొడుగు వేసుకుని నేనే పైకి వెళ్లాను. డాబా మీద చీలమండల దాకా నీళ్లు. వాన నీళ్ల పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి కెలికితే మామిడాకులొచ్చాయి, పక్కింటి పిల్లల షటిల్ కాక్ వచ్చింది, ఆ వెనకే పొడుగ్గా, జారుతూ, ఒక ప్లాస్టిక్ పట్ట ముక్క. దాని అంచున ఇంకా రెండు సగ్గుబియ్యం వడియాలు అంటుకునే ఉన్నాయి. పట్ట రాగానే డాబా అంతా గుడగుడమని పావుగంటలో ఖాళీ అయింది, కింద బకెట్లో చప్పుడు కూడా మెల్లగా ఆగింది.

పట్ట ఈ ఒక్క ఏడాదిదే, మిగతా ఏళ్లవన్నీ అతని ఖాతాలోవే. కార్డు పట్టుకుని మళ్లీ ఫోన్ చేస్తాను, గట్టిగానే అడుగుతాను. నువ్వు మాత్రం ఈ వడియాల సంగతి అతనికి గానీ, పైన అమ్మాయికి గానీ చెప్పకు.

ఇట్లు,
ఇంటి ఓనరు